పావు వంతు గ్రూనావ్ బేబీ: తోక నుంచి మొదలుపెట్టి కట్టడం

మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెప్పుకుందాం. ఇంతవరకు మీరు రెండు మూడు కిట్ విమానాలు కట్టి ఎగరేశారు. ఇప్పుడు కిట్ ఏదీ లేకుండా, చేతిలో ఉన్న డ్రాయింగు ఆధారంగా, 1930ల నాటి చెక్క గ్లైడర్‌ను పావు వంతు కొలతలో కట్టాలనుకుంటున్నారు. ఏ గ్లైడర్ ఎంచుకోవాలి, పని ఎక్కడ మొదలుపెట్టాలి, మొత్తం బరువు ఎంతలో ఉంచాలి, విజయవాడ ఉక్కపోతలో చెక్క వంకర పోకుండా ఏం చేయాలి అన్నవి మీ సందేహాలు. ఫ్యూజలేజ్ (విమానం మొండెం) చూడముచ్చటగా ఉంటుంది కనుక దానితో మొదలుపెడదామనుకుంటున్నానని కూడా రాశారు. ఆ చివరి మాట చూసిన తరువాతే ఇంత పొడుగు సమాధానం రాయాలనిపించింది.

ఎంపిక విషయంలో నాకు సందేహం లేదు. గ్రూనావ్ బేబీ 2బి కట్టండి. మినిమోవా వంటి గ్లైడర్ల, సముద్రపు గల్ పక్షిని పోలిన రెక్కలు ఫొటోలో మనసు దోచుకుంటాయి గానీ, వంపు తిరిగిన ఆ రెక్కకు స్పార్ (రెక్క పొడవునా బరువు మోసే దూలం) చేయడం మొదటి ప్రయత్నానికి తగిన పని కాదు. బేబీ పుట్టుకే వేరు. మొదటి ప్రపంచ యుద్ధం తరువాత వెర్సాయ్ ఒప్పందం జర్మనీలో ఇంజను విమానాల మీద ఆంక్షలు పెట్టడంతో అక్కడి యువకులు గ్లైడర్ల వైపు మళ్లారు. ఊరూరా వెలసిన క్లబ్బుల దగ్గర డబ్బు తక్కువ, ఓపిక ఎక్కువ. సైలీషియా ప్రాంతంలోని గ్రూనావ్ గ్రామంలో, అంటే నేటి పోలండ్‌లోని యెజూఫ్ సుదెత్స్కీలో, వర్క్‌షాపు నడిపిన ఎడ్మండ్ ష్నైడర్ 1931లో ఆ క్లబ్బుల వారు తమ చేతులతో కట్టుకోగలిగేలా దీనిని రూపొందించాడు. అందుకే ఫ్యూజలేజ్ ఆరు పలకల డబ్బాలా ఉంటుంది, రెక్క లోపలి భాగం తిన్నని దీర్ఘచతురస్రం, ఒకటే స్పార్, పక్కకు ఒక స్ట్రట్, అంటే రెక్కను ఫ్యూజలేజ్‌కు కలిపే ఏటవాలు ఊతకర్ర. వడ్రంగం తెలిసిన కుర్రాళ్ల కోసం గీసిన విమానం కనుక పావు వంతుకు కుదించినా ఆ సులువు పోదు. ఆ సులువు వల్లనే వేల సంఖ్యలో తయారై, యుద్ధం తరువాత బ్రిటన్‌లో ఇయాన్ బేబీగా, ఫ్రాన్స్‌లో నోర్ 1300గా కొత్త పేర్లతో కొనసాగింది. నిదానపు విమానమని చిన్నచూపు చూడకండి. 1933లో కుర్ట్ ష్మిట్ ఒక బేబీలో కూర్చుని, వాలును తాకి పైకి లేచే గాలి మీద, 36 గంటలకు పైగా దిగకుండా గాలిలో ఉండి ప్రపంచ రికార్డు నెలకొల్పాడు.

ఇక కొలతలు. 2బి రెక్కలు ఈ కొస నుంచి ఆ కొసకు 13.57 మీటర్లు, విమానం పొడవు 6.09 మీటర్లు, రెక్క వైశాల్యం 14.2 చదరపు మీటర్లు, ఖాళీ బరువు సుమారు 170 కిలోలు, పైలట్‌తో కలిపి 250 కిలోలు. నాలుగో వంతుకు దిగితే పొడవులు నాలుగో వంతు అవుతాయి, వైశాల్యం పదహారో వంతు, బరువు అరవై నాలుగో వంతు అవుతాయి. అంటే మీ మోడల్ కొస నుంచి కొసకు 3.39 మీటర్లు, పొడవు 1.52 మీటర్లు, రెక్క వైశాల్యం సుమారు 89 చదరపు డెసిమీటర్లు, ఎగిరే బరువు 3.9 కిలోలు. ఈ బరువులో కడితే వేగం సగమవుతుంది. ఎందుకంటే వేగం కొలత నిష్పత్తికి వర్గమూలంగా తగ్గుతుంది. అసలు విమానం గంటకు 60 కిలోమీటర్ల దగ్గర ఒక మీటరు దిగేలోపు 17 మీటర్లు ముందుకు పోయేది. మీది గంటకు 30 కిలోమీటర్ల దగ్గర తేలుతుంది. పాత గ్లైడర్ గాలిలో పాత గ్లైడర్‌లా కనిపించాలంటే రంగులకన్నా ఈ నిదానం ముఖ్యం. 6 కిలోల బేబీ కూడా ఎగురుతుంది, కాని ఏదో పని మీద పరుగెత్తుతున్నట్టు ఎగురుతుంది.

ఈ లెక్కలో మరొక సంగతి దాగి ఉంది. అసలు విమానం 250 కిలోలలో దాదాపు 80 కిలోలు పైలట్ శరీరమే. మూడింట ఒక వంతు బరువు రెక్కకు ముందు కూర్చుని, పొడవాటి తోకకు సరితూగేది. మన మోడల్‌లో ఆ మనిషి లేడు, బొమ్మ ఉంటుంది. పావు వంతు లెక్కలో అతని వాటా 1.25 కిలోలు. బ్యాటరీ, సర్వోలు (రెక్క, తోక పలకలను కదిలించే చిన్న మోటార్లు), రిసీవరు, బొమ్మ, చివరికి ముక్కులో పోసే సీసం అన్నీ కలిసి ఆ లేని మనిషి చోటును నింపాలి. కాబట్టి ముక్కులో సీసం పెట్టవలసి రావడం అవమానమేమీ కాదు, అన్నీ కలిపి 1.25 కిలోల లోపు సరిపోతే మీరు కొలత ప్రకారమే కట్టారన్నమాట. మీరు నిజంగా కాపలా కాయవలసింది మిగిలిన అంకెను, అంటే 170 కిలోల ఖాళీ బరువు కుదింపైన 2.66 కిలోలను. చెక్క, జిగురు, గుడ్డ, లోహపు బిగింపులు అన్నీ అందులో ఇమడాలి.

అక్కడే తోక ప్రసక్తి వస్తుంది. బేబీ ముక్కు పొట్టిది, తోక పొడుగుది. ఈ కొలతలో సీసం పెట్టగలిగే చోటు గురుత్వ కేంద్రానికి నలభై సెంటీమీటర్ల ముందు ఉంటే, తోక తొంభై సెంటీమీటర్ల వెనుక ఉంటుంది. తోకలో ఒక గ్రాము పెరిగితే ముక్కులో రెండు గ్రాములకు పైగా పెరుగుతుంది. నేను కట్టిన మొదటి పాతకాలపు గ్లైడర్‌లో, మీరు అనుకుంటున్నట్టే ఫ్యూజలేజ్‌తో మొదలుపెట్టి, దృఢంగా ఉండాలని తోక కొసన 3 మిల్లీమీటర్ల ప్లైవుడ్ చట్రాలు వేసి, ఎలివేటర్ (ముక్కును పైకి, కిందికి తిప్పే తోక పలక) సర్వోను కూడా తోకలోనే బిగించాను. తూచకుండా కట్టుకుంటూ పోయాను. చివర సీజీ (గురుత్వ కేంద్రం) సరిచేయడానికి కూర్చుంటే ముక్కులో పట్టేంత సీసం పట్టించినా చాలలేదు. ముక్కు దిమ్మెను తొలిచి మరీ పోశాను. మొత్తం 1.4 కిలోల సీసం. ఆ విమానం మూడేళ్లు ఎగిరింది గాని, దిగిన ప్రతిసారీ ముక్కు కింది స్కిడ్ (నేల మీద జారే కర్ర) విరిగేది. అందుకే రెండోసారి బేబీ కట్టినప్పుడు పనిని తిరగేశాను. ముందు తోక కట్టి, తూచి, ఆ అంకెను గోడ మీద రాసుకుని, తరువాతే ముందుకు నడిచాను.

తోకను ఎలా కట్టాలో కొంచెం దగ్గరగా చూపిస్తాను. అడ్డతోక, నిలువుతోక అంచులు గుండ్రంగా ఉంటాయి. వాటిని పలక నుంచి కోసి తీస్తే, వంపులో చెక్క నార అడ్డం పడే ప్రతిచోటా విరుగుతుంది, విరగకూడదని మందంగా వేస్తే బరువెక్కుతుంది. దానికి బదులు 1 మిల్లీమీటరు మందం, 6 మిల్లీమీటర్ల వెడల్పు ఉన్న పైన్ బద్దలు ఐదు తీసుకుని, గోరువెచ్చని నీళ్లలో పావుగంట నానబెట్టి, థర్మోకోల్ దిమ్మె మీద ఆ వంపు ఆకారం కోసుకుని దాని చుట్టూ వాటిని చుట్టి, గుడ్డ పట్టీతో కట్టి ఒక రాత్రి ఆరనివ్వండి. తెల్లవారి విప్పి, బద్దల మధ్య తెల్లజిగురు పలచగా రాసి, మళ్లీ అదే దిమ్మెకు చుట్టండి. అచ్చుకు ముందే ప్యాకింగు టేపు అంటించుకోకపోతే జిగురు దానినీ పట్టుకుంటుంది. ఆరిన తరువాత చేతిలోకి వచ్చే ఆ విల్లు బరువు పది గ్రాములకు అటూ ఇటూ ఉంటుంది, వంచి చూస్తే స్ప్రింగులా తిరిగి వస్తుంది. లోపలి అడ్డబద్దలన్నీ మృదువైన బాల్సా, కీలు వచ్చే చోట మాత్రమే గట్టి చెక్క. నా రెండో బేబీకి అడ్డతోక, ఎలివేటర్ కలిపి 118 గ్రాములు, రడ్డర్ (ముక్కును పక్కలకు తిప్పే నిలువు పలక) 46 గ్రాములు వచ్చాయి. మీకు 200 దాటితే దానిని పక్కన పెట్టి మరొకటి కట్టండి. తోక కట్టడానికి పట్టేది నాలుగు సాయంత్రాలు. సర్వోలను కాక్‌పిట్‌లోనే ఉంచి, రడ్డర్‌కు అసలు విమానంలో లాగే రెండు సన్నని ఉక్కు తీగలు లాగండి, ఎలివేటర్‌కు కార్బన్ గొట్టపు కడ్డీ సరిపోతుంది.

డ్రాయింగు విషయంలో ఒక హెచ్చరిక. ఇంటర్నెట్‌లో దొరికే మూడు దృశ్యాల పటాలలో పై దృశ్యానికి పక్క దృశ్యానికి పొసగనివి ఉంటాయి. జిరాక్సు యంత్రం గుండా పదిసార్లు వెళ్లిన కాగితం ఒక దిక్కున సాగి ఉంటుంది. 13.57 మీటర్లు, 6.09 మీటర్లు అన్న రెండు అంకెలతో రెండు దిక్కులా స్కేలు సరిచూసుకున్న తరువాతే దేనినైనా నమ్మండి. మిగిలినది ఫొటోల నుంచి రాబట్టాలి. అమెరికాలో స్మిత్సోనియన్ సంస్థ సేకరణలో ఒక గ్రూనావ్ బేబీ 2బి ఉంది. వర్జీనియా వైపు మన వాళ్లకు కొదవ లేదు కనుక, అక్కడి ఆ సంస్థ మ్యూజియానికి వెళ్లేవారు ఎవరైనా ఉంటే స్ట్రట్ బిగింపు, స్కిడ్ రబ్బర్లు, రెక్క మొదలు దగ్గరి కప్పు ఫొటోలు తీసి పంపమని అడగండి. విమానం మొత్తం పట్టేలా తీసిన వంద ఫొటోలకన్నా, పక్కన స్కేలు పెట్టి తీసిన బిగింపు ఫొటో ఒకటి ఎక్కువ పనికి వస్తుంది.

రెక్క ఈ పనిలో సగం కన్నా ఎక్కువ. అసలు రెక్క అడ్డుకోత ఆకృతి పేరు గోటింగెన్ 535, వెడల్పులో సుమారు 16 శాతం మందంతో, బాగా వంపు ఉన్నది. గాలికి మాత్రం మన రెక్క చిన్నదని తెలిసిపోతుంది. అసలు విమానం రెనాల్డ్స్ సంఖ్య (రెక్క వెడల్పు, వేగాలను బట్టి గాలి ప్రవహించే తీరును చెప్పే అంకె) 12 లక్షల దాకా ఉంటే మనది లక్షన్నర దగ్గర ఉంటుంది, అంటే ఎనిమిదో వంతు. అందువల్ల మోడళ్లకు తగిన పలుచని ఆకృతి వేసుకొమ్మని సలహా ఇచ్చేవారున్నారు. నా అభిప్రాయం వేరు. ఈ విమానం ఎలాగూ వేగంగా పోదు, మందమైన రెక్కలో స్పార్‌కు లోతు దొరుకుతుంది, పక్క నుంచి చూస్తే బేబీని బేబీగా గుర్తుపట్టించేది ఆ మందమే. 535నే ఉంచండి. పై ఉపరితలం మీద ముందు అంచుకు దగ్గరగా నూలు దారం అంటిస్తే గాలి అతుక్కుని ప్రవహిస్తుందంటారు. నేనూ అంటించి చూశాను, కంటికి ఆనేంత తేడా కనిపించలేదు, దారం మాత్రం దుమ్ము పట్టింది.

రిబ్బులను, అంటే రెక్కకు ఆకృతినిచ్చే అడ్డ చట్రాలను, అసలు పద్ధతిలో, చిన్న బద్దలతో వంతెన కమ్మీల్లా అల్లవచ్చు. ఒక పలక మీద రిబ్బు బొమ్మ అంటించి, చుట్టూ మేకులు కొట్టి, ఆ చట్రంలో 3 మిల్లీమీటర్ల బద్దలు పేర్చి, కూడలి దగ్గర 0.4 మిల్లీమీటర్ల ప్లై ముక్కలు అతికిస్తే ఒక్కొక్కటి అరగంట పని. గుడ్డ వెనుక నుంచి సూర్యకాంతి పడినప్పుడు ఆ అల్లిక నీడగా కనిపించే అందం కోసం నేను ఆ తిప్పలు పడ్డాను. మీరు పడనక్కర లేదు. 2 మిల్లీమీటర్ల బాల్సాను లేజర్‌తో కోయించుకుంటే బరువులో పెద్ద తేడా రాదు. స్పార్ మాత్రం ఎవరికీ అప్పగించకండి. 10 మిల్లీమీటర్ల వెడల్పు, 5 మిల్లీమీటర్ల మందం ఉన్న స్ప్రూస్ బద్దలు పైన ఒకటి, కింద ఒకటి. స్ప్రూస్ దొరకకపోతే, టింబర్ డిపోలో నార తిన్నగా కొస దాకా పోయే, ముడులు లేని పైన్ దుంగ ముక్కను వెతికి పట్టుకుని బద్దలు తీయించుకోండి. బద్దను వెలుతురుకు పట్టి చూస్తే, నార పక్క అంచు నుంచి బయటికి పరుగెత్తే చోటు కనిపిస్తుంది. అక్కడే అది విరుగుతుంది. 1.7 మీటర్ల నిడివి ఒకే బద్దగా రాకపోతే ఏటవాలు అతుకు వేయాలి. మందానికి కనీసం పన్నెండు రెట్లు, అంటే ఈ బద్దకు 60 మిల్లీమీటర్ల ఏటవాలు ఉండాలి, పై అతుకు కింది అతుకు ఒకే చోట పడకూడదు. రెండు బద్దల మధ్య, ముందూ వెనుకా నార నిలువుగా ఉండేలా బాల్సా పలకలు అతికించి డబ్బాలా మూసేయాలి. నార అడ్డంగా అతికిస్తే ఆ పలక ఉన్నా లేనట్టే.

ఈ బద్దలు చాలునా అని మీకు అనుమానం రావాలి. కొంచెం బరువెక్కి 4.5 కిలోలైన విమానం ఐదు రెట్ల భారం మోస్తోందనుకుందాం. ఒక్కొక్క రెక్క మీద 11.25 కిలోలు, దాని కేంద్రం మొదలు నుంచి సుమారు 75 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. స్ట్రట్ కేవలం అలంకారమై, రెక్క తనంతట తాను నిలబడవలసి వస్తే, మొదలు దగ్గర వంపు బలం దాదాపు 83 న్యూటన్ మీటర్లు. పై కింది బద్దల మధ్య లోతు 43 మిల్లీమీటర్లు కనుక ఒక్కొక్క బద్ద మీద 1,900 న్యూటన్లకు పైగా, అంటే చదరపు మిల్లీమీటరుకు సుమారు 39 న్యూటన్లు పడతాయి. పొడి స్ప్రూస్ నలిగిపోయే హద్దు 35 నుంచి 40 మధ్య. తేమ పట్టిన చెక్కకు అంత కూడా ఉండదు, కృష్ణా తీరంలో చెక్కకు తేమ పట్టకుండా ఉండదు. అదే స్ట్రట్ నిజంగా పనిచేస్తే, మొదలు నుంచి 60 సెంటీమీటర్ల దగ్గర అది రెక్కను పట్టుకుంటుంది. అక్కడి నుంచి బయటి భాగం వంపు మాత్రమే బద్దలు మోయాలి. ఆ లెక్క 33 న్యూటన్ మీటర్లకు, చదరపు మిల్లీమీటరుకు 15 న్యూటన్లకు దిగుతుంది. ష్నైడర్ స్ట్రట్ పెట్టింది ఇందుకే, మీరూ దానిని పనిచేసే స్ట్రట్‌గానే పెట్టండి.

అయితే భారం మాయమవదు, చోటు మారుతుంది. నా మోడల్ కొలతల్లో, అదే ఐదు రెట్ల భారం దగ్గర, స్ట్రట్‌లో లాగుడు 34 కిలోల దాకా వస్తుంది, అంటే సిమెంటు బస్తాలో మూడింట రెండు వంతులను దానికి వేలాడదీసినట్టు. కాబట్టి స్ట్రట్ రెండు కొసల లోహపు చెవులు 1.5 మిల్లీమీటర్ల ఉక్కు రేకుతో చేసి, ఫ్యూజలేజ్ లోపల ఎడమ చెవినీ కుడి చెవినీ ఒకే పట్టీతో కలపాలి. లాగుడు పట్టీలోనే తేలిపోవాలి గాని చెక్క మీద పడకూడదు. రెక్కలో కూడా చెవి స్పార్‌ను చుట్టి పట్టుకోవాలి. స్ట్రట్ లోపల 6 మిల్లీమీటర్ల కార్బన్ గొట్టం, పైన నీటిబొట్టు ఆకారానికి చెక్కిన బాల్సా తొడుగు. నేల మీద గట్టిగా దిగినప్పుడు ఇదే స్ట్రట్ మీద లాగుడుకు బదులు నొక్కుడు పడుతుంది కనుక ఉత్త తీగ పనికిరాదు.

రెక్క ముందు భాగం, అంచు నుంచి స్పార్ దాకా, ప్లైతో కప్పిన డబ్బా. రెక్క మెలి తిరగకుండా ఆపేది ఇదే. 0.4 మిల్లీమీటర్ల బర్చ్ ప్లై ఈ కొలతకు సరిగ్గా తగినది, ఖరీదైనది; నార 45 డిగ్రీల వాలుగా ఉండేలా కోస్తే మెలికను బాగా అడ్డుకుంటుంది, కాని వృథా ఎక్కువ. బయటి వైపు మాత్రమే తడి గుడ్డతో తుడిచి, పీవీసీ గొట్టం చుట్టూ కట్టి ఆరనిస్తే వంపు తీసుకుంటుంది. అతికించేటప్పుడు బిగింపు పట్టీలుగా పాత సైకిల్ ట్యూబును వేలెడు వెడల్పు చీల్చి వాడండి. అంత సమంగా ఒత్తే క్లాంపు ఇంకా ఏ బజారులోనూ దొరకలేదు నాకు. ఒక్క జాగ్రత్త ప్రాణం మీదిది. ఈ డబ్బా మూసిన క్షణంలో రెక్కలో ఎంత మెలిక ఉందో అది శాశ్వతంగా ఉండిపోతుంది. కొస వైపు రెక్క వెనుక అంచు రెండు డిగ్రీలు పైకి ఉండాలి. కొస వెడల్పు 15 సెంటీమీటర్లయితే వెనుక అంచు కింద 5 మిల్లీమీటర్ల దిమ్మె పెట్టడమన్నమాట. రెండు రెక్కలకూ అదే దిమ్మె వాడండి. జిగురు రాయక ముందు ఒకసారి, రాసి కట్టిన తరువాత ఒకసారి, రెక్క కొస దగ్గర మోకాళ్ల మీద కూర్చుని ఒక కన్ను మూసి చూడండి.

గుడ్డ వేయక ముందే భార పరీక్ష చేయాలి. ఫ్యూజలేజ్ మధ్య భాగం కూడా సిద్ధమయ్యాక, రెక్కలు, స్ట్రట్‌లు బిగించి, మొత్తాన్ని తలకిందులుగా పెట్టి, పాలిథీన్ సంచుల్లో ఇసుక తూచి, స్పార్ పొడవునా పరచండి. లోపలి వైపు ఎక్కువ, కొసకు తక్కువ. ఒక్కొక్క రెక్కకు 7 కిలోలు పెట్టగలిగితే మూడు రెట్లకు పైగా భారం చూసినట్టే. సంచులు పెడుతున్నప్పుడు వినండి. జిగురు సరిగా పట్టని చోట చిటుక్కుమంటుంది. నాకు ఎడమ రెక్కలో ఆ చప్పుడు వచ్చింది. తీసి చూస్తే స్ట్రట్ చెవి దగ్గరి నిలువు పలకకు జిగురే అందలేదు.

ఫ్యూజలేజ్ గురించి రాయవలసింది తక్కువ. ఆరు పలకలూ ఒకే దిక్కుకు వంగేవి కనుక ప్లై మొండికేయదు. చట్రాలను బల్ల మీద మూలమట్టం పెట్టి నిలబెట్టి, మధ్యగీత వెంట దారం లాగి చూసుకుంటూ పోతే తిన్నగానే వస్తుంది. కాక్‌పిట్ వెనుక చట్రం నుంచి తోక వరకు 0.4 ప్లై, ముందు 0.8. స్కిడ్‌కు కర్ర, దాని పైన రబ్బరు దిమ్మెలు. ఎగరేసే తాడు తగిలించే లాగుడు కొక్కెం గురుత్వ కేంద్రానికి కొంచెం ముందు, కింద. అంతే.

ఇక మీ ఉక్కపోత సంగతి. చెక్క గాలిలోని తేమను పీల్చి నారకు అడ్డంగా ఉబ్బుతుంది, పొడవునా దాదాపు మారదు. ప్లై, బాల్సా, పైన్ మూడింటినీ పని మొదలుపెట్టే ముందు రెండు వారాలు అదే గదిలో ఉంచి, ఒకే తేమకు అలవాటు చేయండి. రెక్క పైభాగం ఒకరోజు, కిందిభాగం వారం తరువాత కప్పితే వంకర పోకుండా ఎలా ఉంటుంది? రెండు వైపులా వెంటవెంటనే కప్పాలి. కప్పిన రెక్కను గోడకు చేరవేయకండి. రెండు చోట్ల పట్టీలతో పడుకోబెట్టండి. జులై, ఆగస్టుల్లో చట్రాలు, సర్వో బిగింపులు, పైలట్ బొమ్మ వంటి పనులు చూసుకుని, గుడ్డ పని సంక్రాంతి చుట్టుపక్కల పెట్టుకోవడం నా అలవాటు. ఇస్త్రీతో అతికే ఒరాటెక్స్ వంటి పాలియెస్టర్ గుడ్డ మీగడ రంగులో దొరికితే అది అసలు విమానానికి దగ్గరగా కనిపిస్తుంది. తోకకు మాత్రం ఆ గుడ్డ బరువే. అక్కడ పలుచని పట్టు వేసి డోపు (గుడ్డను బిగుతు చేసే వార్నిషు) రెండు పూతలు పూయండి, కిటికీలు తెరిచి ఉంచండి.

నా లెక్క మొత్తం ఇలా తేలింది: రెక్కలు 1,640 గ్రాములు, ఫ్యూజలేజ్ 930, తోక, రడ్డర్ కలిపి 164, స్ట్రట్‌లు 140, అంటే ఖాళీ బరువు 2,874 గ్రాములు, అనుకున్న 2.66 కిలోలను కొంచెం దాటింది. సర్వోలు, బ్యాటరీ, రిసీవరు 510, బొమ్మ 180, సీసం 560 కలిపి 4,124. లేని మనిషి వాటా 1,250 గ్రాములన్నది గుర్తుందా? సరిగ్గా అంతే అయింది, అది నా ప్రతిభ కాదు, తోక తేలికగా రావడం వల్ల జరిగింది.

సీజీని రెక్క సగటు వెడల్పులో 30 నుంచి 32 శాతం మధ్య పెట్టి మొదలుపెట్టండి. ఎయిలరాన్లు (విమానాన్ని పక్కకు వాల్చే రెక్క కొసల పలకలు) పైకి ఎంత లేస్తాయో అందులో మూడో వంతు మాత్రమే కిందికి దిగేలా సర్దండి. పొడుగు రెక్క, నిదానపు వేగం ఉన్న ఏ పాత గ్లైడరైనా ఎయిలరాన్ ఒక్కటే ఇస్తే ముక్కును ఎదురు దిక్కుకు తిప్పుతుంది. మలుపుకు రడ్డర్ ముందు, ఎయిలరాన్ తరువాత. రడ్డర్ తిప్పే ఎడమ బొటనవేలును నిద్రపోనిచ్చే, నేర్చుకునే మోడళ్ల నాటి అలవాటు ఇక్కడ మానుకోవాలి.

ఎగరేసే చోటు గురించి: 2021 డ్రోన్ నియమాల ప్రకారం, 25 కిలోలకు మించకుండా, వినోదం కోసం, కంటిచూపు మేరలో నడిపే మోడల్‌కు టైప్ సర్టిఫికెట్ అక్కర లేదు, కాని చోటును ప్రభుత్వ వెబ్‌సైటు డిజిటల్ స్కై పటంలో చూసుకోవాలి. గన్నవరం విమానాశ్రయం ప్రాకారానికి 12 కిలోమీటర్ల లోపు ఆంక్షలుంటాయి కనుక ఆ పక్క పొలాలను మరచిపోండి.

మొదటి రోజు బంజీ (విమానాన్ని లాగి ఎగరేసే రబ్బరు తాడు) తీయకండి. కోత అయిపోయి, ఎండుగడ్డి మిగిలిన పొలంలో, గాలి పలుచగా ఉన్న ఉదయం, ఒక స్నేహితుడు రెక్క కొస పట్టుకుని పక్కన నడుస్తుండగా, మీరు ఫ్యూజలేజ్ పట్టుకుని పది అడుగులు పరుగెత్తి, ముక్కును కొంచెం కిందికి ఉంచి తిన్నగా వదలండి. విసరకండి. ముప్పై నలభై మీటర్లు తేలి, స్కిడ్ మీద జారి ఆగితే సీజీ దరిదాపుల్లో ఉన్నట్టే. ముక్కు పైకెత్తి, ఆగి, పడితే సీసం 30 గ్రాములు చేర్చి మళ్లీ వదలండి. ఇలా ఐదారుసార్లు సరిగా జారిన తరువాత 30 మీటర్ల రబ్బరు, 100 మీటర్ల తాడు ఉన్న బంజీకి వెళ్లవచ్చు. రబ్బరు లాగుడును స్ప్రింగు కాటాతో చూసుకుంటే విమానం బరువుకు మూడు రెట్లు, అంటే 12 కిలోల దగ్గర ఆపండి. తాడు ఎక్కే దారిలో బేబీ ఒక పక్కకు వాలితే ఎయిలరాన్‌తో సరిచేయబోకండి. రడ్డర్ ఇచ్చి, ఒక క్షణం ఆగండి.